ఐయాలిక్ హిమానీనదం కోసం రెండుసార్లు ఎక్కిన పడవ

టికెట్లు ఏప్రిల్ రెండో వారంలోనే కొన్నాను. అమ్మా నాన్నగారూ మే నెలలో సియాటిల్‌లో మా ఇంటికి రాబోతున్నారు. జూన్‌లో వాళ్ళను అలాస్కా తీసుకెళ్ళి, సముద్రంలోకి దిగే హిమానీనదాన్ని దగ్గర నుంచి చూపించాలని నా కోరిక. సెవార్డ్ అనే చిన్న ఊరి నుంచి ఆరు గంటల పడవ ప్రయాణం. పన్నులతో కలిపి మనిషికి 235 డాలర్లు పడింది.

అమ్మకు మాత్రం "మంచు నది చూడబోతున్నాం" అని చెప్పాను. పడవ సంగతి చెప్పలేదు.

మాది రాజమహేంద్రవరం. చిన్నప్పుడు అమ్మ లాంచీ మీద పాపికొండలకు ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ పడవను ఒడ్డుకు లాగేసరికి నెల దాటింది. ఆ నెలంతా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. తర్వాత పుష్కరాల రేవు దాకా వెళ్ళి మెట్ల మీద కూర్చుని వచ్చేది కానీ, మళ్ళీ పడవలో కాలు పెట్టలేదు.

వాళ్ళు వచ్చిన వారానికి నాన్నగారు ఫోనులో టికెట్లు చూస్తుంటే అమ్మ కూడా చూసింది. ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత వంటింట్లో ఆకుకూర తరుగుతూ, "మీరిద్దరూ వెళ్ళి రండి అమ్మడూ, నేను ఒడ్డున కూర్చుంటాను" అంది. నాకు చాలా బాధ కలిగింది. ముందే అడగాల్సిన మాట దాచిపెట్టడం నా తప్పు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు దయచేసి ఈ పొరపాటు చేయకండి. ఎంతసేపు నీళ్ళ మీద ఉంటామో, ఒడ్డు ఎంత దూరంలో ఉంటుందో ముందే చెప్పండి.

జూన్ 16, సోమవారం ఉదయం సియాటిల్‌లో విమానం ఎక్కాం. ఏంకరేజ్‌కు మూడున్నర గంటలు. అక్కడ అద్దె కారు తీసుకుని సెవార్డ్ బయలుదేరాం. 127 మైళ్ళ దారి, అంటే సుమారు 204 కిలోమీటర్లు. రెండున్నర గంటల ప్రయాణమే అయినా మాకు నాలుగున్నర పట్టింది. ఒక పక్క కొండ, మరో పక్క టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ. నాన్నగారు ప్రతి మలుపులోనూ ఆపమన్నారు. సముద్రపు నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ మైళ్ళ కొద్దీ బూడిదరంగు బురద బయటపడుతుంది. చూడటానికి గట్టి నేలలాగే ఉంటుంది కానీ అందులో దిగకూడదు, కాలు కూరుకుపోతే పైకి రావడం కష్టం. హెచ్చరిక బోర్డు చదివి చెప్పగానే అమ్మ నాన్నగారి చొక్కా వెనక నుంచి పట్టుకుని నిలబడింది.

రాత్రి పదకొండైనా సెవార్డ్‌లో పుస్తకం చదువుకునేంత వెలుతురు ఉంది. పెద్దవాళ్ళకు నిద్ర పట్టదని ఎవరూ చెప్పలేదు నాకు. హోటల్ కర్టెన్ల సందులో తువ్వాళ్ళు దోపి గది చీకటి చేశాను. కళ్ళకు కట్టుకునే పట్టీలు తీసుకెళ్తే మేలు.

మంగళవారం ఉదయం పదిన్నరకు రేవులో ఉండమన్నారు, పడవ పదకొండున్నరకు. సన్నగా వాన పడుతోంది. కొండలు సగం దాకా మబ్బులో ఉన్నాయి. కౌంటర్ దగ్గర అమ్మాయి టికెట్లు ఇస్తూ, "ఈ రోజు బయటి సముద్రంలో అలలు ఎక్కువగా ఉన్నాయి, కడుపులో తిప్పకుండా మందు వేసుకున్నారా?" అని అడిగింది. మందు పనిచేయాలంటే పడవ కదలడానికి గంట ముందే పడాలి. నేను మెక్లిజీన్ తీసుకున్నాను. నాన్నగారు రక్తపోటు మాత్రలు వాడతారు కాబట్టి ఆయనకు సరిపడుతుందో లేదో సియాటిల్‌లోనే డాక్టరును అడిగి ఉంచాను. అమ్మ మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న అల్లం మురబ్బా చాలంది.

రేవు దాకా వస్తానని, పడవలోకి మాత్రం రానని అమ్మ అప్పటికీ అంటూనే ఉంది. చెక్క వంతెన మీద నిలబడి పడవను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో అడుగు" అంది. అక్కడ పెద్దవాళ్ళు జాకెట్ వేసుకోవాలనే నియమం లేదు. ఎక్కడ పెట్టారో చూపించి, ఎలా కట్టుకోవాలో చెబుతారు. మా అమ్మకు ఇప్పుడే ఒకటి కావాలని పడవలో పనిచేసే కుర్రవాణ్ణి అడిగాను. ఎందుకని అడగలేదు. వెళ్ళి తెచ్చి, చీర మీద, స్వెట్టరు మీద తానే పట్టీలు బిగించి, ఒకసారి భుజాల దగ్గర లాగి చూశాడు. అమ్మ నా వైపు చూసి, "పద" అంది. నేనసలు ఆ మాటకు సిద్ధంగా లేను. గబగబా ఎక్కాం.

మొదటి గంట రిసరెక్షన్ బే అనే అఖాతం లోపలే. నీళ్ళు కొంచెం ఊగుతున్నాయంతే. సముద్రపు నీటికుక్కలు వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చిప్పలు పెట్టుకుని తింటుంటే నాన్నగారు చిన్నపిల్లాడిలా అద్దానికి ముఖం ఆనించారు. అఖాతం దాటి బయటి సముద్రం తగిలేసరికి అంతా మారిపోయింది. పడవ ముక్కు పైకి లేవడం, ఒక క్షణం ఆగడం, దభేలుమని కిందకు పడటం. బల్ల మీది కప్పులు దొర్లాయి. వెనక సీటులో ఒకరు కాగితం సంచీ అడిగారు, తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత నేను. మందు వేసుకున్నా నాకు వాంతి ఆగలేదు. అమ్మ ఒక చేత్తో నా వీపు నిమురుతూ, మరో చేత్తో కిటికీ కడ్డీ పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి.

అలా ఇరవై నిమిషాలు గడిచాయేమో. మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. ముందున్న కొమ్ము (సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల) దాటితే అలలు ఇంకా పెద్దవి, తిరిగి వచ్చేటప్పటికి గాలి ఇంకా పెరుగుతుంది, అందుకే ఇక్కడి నుంచి వెనక్కి తిప్పుతున్నాను, క్షమించండి, సగం డబ్బు తిరిగి ఇస్తారు అన్నాడు. ఓ పెద్ద బృందం గట్టిగా విసుక్కుంది. మర్నాడు ఓడ ఎక్కి వెళ్ళిపోతున్నామని, మళ్ళీ జీవితంలో రామని ఒకాయన వాదనకు దిగాడు. నిజం చెప్పాలంటే, అంత వాంతిలోనూ నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, అమ్మను ఇంత భయపెట్టి, చూడకుండా తిరిగి వెళ్ళడమా?

"ఏమంటున్నాడు?" అని అడిగింది అమ్మ. చెప్పాను. కళ్ళు తెరిచింది. "అంతమంది తిడుతున్నా తిప్పుతున్నాడా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. నాన్నగారికి మురబ్బా ముక్క ఒకటి ఇచ్చి, తాను ఒకటి నోట్లో వేసుకుంది.

మూడున్నరకు రేవులో దిగాం. మా తిరుగు ప్రయాణం మర్నాడే. కారు దగ్గరికి నడుస్తుంటే అమ్మ ఆగి, "మళ్ళీ టికెట్లు దొరుకుతాయేమో చూడు" అంది. "నీకెందుకే ఇంకా?" అన్నారు నాన్నగారు. "ఏమండీ, వద్దనుకున్నప్పుడు వెనక్కి తిప్పేవాళ్ళ పడవ ఎక్కడానికి నాకేం భయం?" అంది.

బుధవారం పడవలన్నీ నిండిపోయాయి. గురువారానికి కూడా సీట్లు లేవన్నారు. కౌంటర్ అమ్మాయి ఒక చిట్కా చెప్పింది: పొద్దున ఏడింటికి ఫోను చేయండి, రద్దయిన సీట్లు అప్పుడు తెలుస్తాయి. బుధవారం ఏడింటికి చేశాను, లేవు. మళ్ళీ తొమ్మిదింటికి చేస్తే గురువారం పది గంటల పడవలో మూడు ఉన్నాయి. విమానం శుక్రవారానికి మార్చడానికి, రెండు రాత్రుల హోటల్‌కు, రెండు రోజుల కారుకు కలిపి అదనంగా దాదాపు 1,000 డాలర్లు అయింది. రెండోసారి పడవ టికెట్ల డబ్బు వేరు. ఇది చిన్న మొత్తం కాదు. ముందే తెలిసి ఉంటే సెవార్డ్‌లో ఒక ఖాళీ రోజు పెట్టుకుని, పడవను మొదటి రోజుకే కొనేదాన్ని. మీరైనా అలా చేయండి.

బుధవారం ఖాళీ కాబట్టి ఎగ్జిట్ హిమానీనదం చూడటానికి వెళ్ళాం. ఊరి నుంచి కారులో కొద్ది దూరమే. అది సముద్రం దాకా రాదు, కొండ మీదే ఆగిపోతుంది. 2015 సెప్టెంబరులో అధ్యక్షుడు ఒబామా వాతావరణ మార్పుల గురించి మాట్లాడటానికి వచ్చింది ఇక్కడికే. దారి పొడవునా సంవత్సరాలు రాసిన పలకలు పాతారు. ఆ ఏడు మంచు అంచు అక్కడి దాకా ఉండేదని అర్థం. 1951 పలక దగ్గర నాన్నగారు ఆగిపోయారు. ఆయన పుట్టిన సంవత్సరం అది. చుట్టూ ఎత్తైన చెట్లు, పక్షుల కూతలు, ఎక్కడా మంచు లేదు. చేతికర్ర పలకకు ఆనించి, కొండ పైకి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. "నేను పుట్టినప్పుడు ఇది ఇక్కడుందా" అన్నారు. తర్వాత పైకి నడుస్తున్నంతసేపూ మాట్లాడలేదు. గురువారం పడవకు వెళ్ళాలనే పట్టుదల ఆ సాయంత్రం నుంచి నాన్నగారిలోనూ కనిపించింది.

జూన్ 19, గురువారం. ఎండ కాసింది. ఈసారి పొద్దున రెండు ఇడ్లీలంత తేలికపాటి తిండే తిన్నాను, మాత్ర గంటంపావు ముందు వేసుకున్నాను, పడవలో కింది అంతస్తులో వెనక, బయట గాలి తగిలేచోట కూర్చున్నాను. ముందు భాగంలో కుదుపు ఎక్కువ, మధ్యలోనూ వెనకా తక్కువ. కళ్ళు ఫోను మీద పెట్టకుండా దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీదే పెట్టాను. అదే కొమ్ము దాటేటప్పుడు పడవ ఉయ్యాలలా ఊగింది కానీ కడుపు నిలిచింది. అమ్మ అడగకుండానే జాకెట్ తెచ్చిచ్చారు.

దారిలో చిజ్వెల్ దీవుల దగ్గర రాళ్ళ మీద సముద్రసింహాలు గుట్టలుగా పడి అరుస్తున్నాయి. ఆ వాసన చాలా దూరం నుంచే వస్తుంది. నారింజరంగు ముక్కుల పఫిన్ పక్షులు నీళ్ళ మీద తపతపా రెక్కలు కొట్టుకుంటూ లేస్తున్నాయి. ఒక తిమింగలం వీపు చూపించి, తోక ఎత్తి మునిగింది. ఇవన్నీ చూడదగ్గవే. నేను వెళ్ళింది మాత్రం మంచు కోసం.

పన్నెండున్నర దాటాక పడవ ఐయాలిక్ బే లోపలికి తిరిగింది. అలలు ఆగిపోయాయి. నీటి రంగు మారింది: కొండను అరగదీసిన రాతిపొడి కలిసి పాలు కలిపిన పచ్చరంగు. గాలి ఒక్కసారిగా చల్లబడింది. రేవులో పల్చటి స్వెట్టరు చాలింది, ఇక్కడ ఉన్నవన్నీ వేసుకున్నా చెవులు నొప్పి పెట్టాయి. మంచు మీది నుంచి జారి వచ్చే గాలి అది. నాన్నగారి మంకీ టోపీ, నేను వద్దు వద్దంటే ఆయన పెట్టెలో పెట్టుకున్నది, ఆ అరగంటా ఆయన్ను కాపాడింది. చేతి తొడుగులు తప్పకుండా తీసుకెళ్ళండి. తడిసిన ఇనుప కడ్డీ పట్టుకోకుండా నడవలేం.

తర్వాత చప్పుడు మొదలైంది. తేలుతున్న మంచు ముక్కలు పడవ అంచుకు తగిలి గలగలమంటున్నాయి. కెప్టెన్ వేగం తగ్గించి, ముక్కల మధ్య నెమ్మదిగా తోవ చేసుకుంటూ వెళ్ళాడు. కొన్ని ముక్కల మీద సీల్‌లు పిల్లలతో పడుకుని ఉన్నాయి. తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంటున్నాయి. అవి బెదిరి నీళ్ళలోకి దూకితే పిల్లలు చలికి తట్టుకోలేవని, అందుకే వాటికి దూరంగా తిప్పుతున్నానని చెప్పాడు.

హిమానీనదానికి అర మైలు దూరంలో ఇంజను ఆపేశారు. ఎదురుగా ఒక మైలు వెడల్పున, వందల అడుగుల ఎత్తున, నీలంగా పగుళ్ళిచ్చిన గోడ. ఫోటోలో తెల్లగా కనిపిస్తుంది కానీ తెలుపు పైపైనే. పగుళ్ళ లోపల, కొత్తగా విరిగిన చోట్ల నీలం. మైలుతుత్తం రంగు. మంచు బరువుకు లోపలి గాలి బయటకు నెట్టుకుపోయి గట్టిపడితే, ఎరుపు వెలుగును మింగేసి నీలాన్ని బయటకు పంపుతుందట. గోడ చాలా దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది. దాని కింద తిరుగుతున్న చుక్కలు పక్షులని తెలిశాకే దాని పరిమాణం అర్థమైంది.

అందరూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. అప్పుడు అమ్మ, "ఎవరో పోపు వేస్తున్నట్టుంది" అంది. చెవి పెట్టి విన్నాను. నిజమే. పడవ చుట్టూ నీళ్ళ మీద సన్నగా, ఎడతెగకుండా, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు. మంచులో ఎన్నో ఏళ్ళుగా చిక్కుకున్న గాలి బుడగలు, మంచు కరిగేకొద్దీ పేలుతున్న చప్పుడు అది. అలాస్కా గురించి అన్ని వీడియోలు చూశాను, ఈ చప్పుడు గురించి నాకు తెలియనే తెలియదు. అమ్మ చెప్పకపోతే వినేదాన్ని కాదు.

పడవలో పనిచేసే అమ్మాయి పొడవాటి వలతో ఒక మంచు ముక్క పైకి తీసింది. గుమ్మడికాయంత ఉంది, అద్దంలా ఉంది. లోపల ఆవగింజలంత బుడగలు వరసగా ఉన్నాయి. అందరి చేతులూ మారి మా దగ్గరికి వచ్చింది. అమ్మ తొడుగులు తీసేసి రెండు చేతులతో పట్టుకుంది. అరచేతుల నుంచి కారిన నీళ్ళు పుష్కర స్నానమప్పుడు చల్లినట్టు ముందు నాన్నగారి తల మీద, తర్వాత నా తల మీద చల్లింది. పక్కనున్న ముసలావిడ తల వంచి తనకూ చల్లమన్నట్టు చూసింది. అమ్మ ఆవిడకూ చల్లింది.

గోడ మీద ఎడమ వైపు గోపురంలా నిలబడ్డ ఒక దిమ్మ ఉంది. అది కచ్చితంగా పడుతుందని అందరి ఫోనులూ దాని మీదే. పడింది మాత్రం కుడి వైపు. ముందు తెల్లటి పొడి రాలింది, వెంటనే ఇంటంత ముక్క నెమ్మదిగా, చాలా నెమ్మదిగా జారి నీళ్ళలోకి దిగింది. చప్పుడు లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపటికి వచ్చింది చప్పుడు. ఎండాకాలం వెదురు పొద అంటుకుంటే కణుపులు పేలుతాయే, అలా మొదలై, ఉరుములా లోయంతా దొర్లింది. నా ఛాతీలో తగిలింది ఆ శబ్దం. కాసేపటికి అల వచ్చి పడవను మెల్లగా ఎత్తి దించింది. అమ్మ కడ్డీ పట్టుకోలేదు. జాకెట్ మీద చేతులు కట్టుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, లాంచీలో నిలబడ్డట్టే నిలబడింది.

ముప్ఫై అయిదు నిమిషాలు ఉన్నాం. మొత్తం మూడుసార్లు విరిగిపడింది. నాన్నగారు ఫోను తీయనే లేదు. ఇంజను మొదలయ్యాక, "ఇది కూడా వెనక్కి వెళ్తుందా?" అని అడిగారు. ఎంతకాలం ఇలా ఉంటుందో నేను చెప్పలేకపోయాను. ఆ గోపురం అలాగే నిలబడి ఉంది. మలుపు తిరిగేదాకా దాన్నే చూశాం.

నాలుగింటికి రేవు చేరాం. అమ్మ జాకెట్ విప్పి, పట్టీలు ఎలా ఉన్నవి అలాగే చుట్టి, ఇచ్చిన అమ్మాయికే అప్పజెప్పింది. తర్వాత సంచీలోంచి జంతికల పొట్లం తీసి, "మంగళవారం పడవ నడిపినాయన ఎక్కడున్నాడో కనుక్కో" అంది. ఈ రోజు నడిపినది వేరే కెప్టెన్. కౌంటర్‌లో అడిగితే, ఆయన పొడుగు ప్రయాణానికి వెళ్ళాడు, అయిదున్నరకు వస్తాడన్నారు. నాన్నగారిని కారులో కూర్చోబెట్టి, మేమిద్దరం చెక్క వంతెన మీద గంటకు పైగా నిలబడ్డాం. అయిదూ నలభైకి పడవ వచ్చింది. జనమంతా దిగేదాకా ఆగి, ఆయన కిందకు వచ్చాక అమ్మ పొట్లం ఆయన చేతిలో పెట్టింది. ఏం చెప్పాలో అని నా వైపు చూసింది. మంగళవారం వెనక్కి తిప్పినందుకు అని చెప్పాను. ఆయన ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత టోపీ తీసి, పొట్లం అక్కడే విప్పి, ఒక జంతిక కొరికి, ఇంకొకటి తీసి అమ్మకు ఇచ్చాడు.